మైట్రల్ వాల్వ్ సన్నబడితే బెలూనా, ఆపరేషనా? మీ చెల్లెలి రిపోర్టు చూశాక నా సమాధానం

మీరు రాసింది ముందు క్లుప్తంగా మళ్లీ చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. మీ చెల్లెలికి 28 ఏళ్లు. రెండేళ్లుగా మెట్లెక్కితే ఆయాసం, రాత్రిపూట దగ్గు. ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్ వాడారు, గుణం కనిపించలేదు. పోయిన నెల ఒక రాత్రి పడుకోలేక లేచి కూర్చుంది, దగ్గితే కళ్లెలో నెత్తుటి చార కనిపించింది. అప్పుడు ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్ పరీక్ష) తీయిస్తే గుండెలో మైట్రల్ వాల్వ్ సన్నబడిందని, అంటే రక్తం వెళ్లే దారి ఇరుకైందని తేలింది. వాల్వ్ వైశాల్యం 1.1 చదరపు సెంటీమీటర్లు, సగటు గ్రేడియంట్ (వాల్వ్‌కు అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా) 12, ఊపిరితిత్తుల ప్రెషర్ 52, వాల్వ్ ఎంత పాడైందో చెప్పే విల్కిన్స్ స్కోరు 7, లీకేజీ కొద్దిగా, గుండె లయ మామూలుగానే ఉంది. ఒక డాక్టరు బెలూన్‌తో తెరవాలన్నారు, ఇంకొకరు వాల్వ్ మార్చేయడమే మంచిదన్నారు. మందులు మొదలుపెట్టాక ఆమె మాత్రం "నాకిప్పుడు బాగానే ఉంది, ఏదీ వద్దు" అంటోంది. పెళ్లయి ఏడాదైంది, పిల్లల కోసం చూస్తున్నారు.

నేను గుండె డాక్టర్ని. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నేను ఎక్కువగా చూసిన వాల్వ్ జబ్బు ఇదే. ఆమెను నేను పరీక్ష చేయలేదు కాబట్టి ఆఖరి మాట ఆమెను చూస్తున్న డాక్టర్లదే. కానీ మీరు రాసిన అంకెలన్నీ సరైనవైతే నా అభిప్రాయం ఇది: బెలూన్ చేయించండి, అదీ గర్భం రాకముందే. మాత్రలతో నెట్టుకొస్తూ కూర్చోవద్దు. ఎందుకో వివరంగా చెబుతాను. కారణం తెలిస్తే మీ చెల్లెలు తనంతట తానే ఒప్పుకుంటుందని నా నమ్మకం.

ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం గుండె ఎడమ పై గదికి వస్తుంది. అక్కడినుంచి ఎడమ కింది గదికి దిగాలి. ఆ రెంటికీ మధ్య ఉన్న రెండు రెక్కల తలుపే మైట్రల్ వాల్వ్. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. 1.5 కన్నా తగ్గితే తీవ్రంగా సన్నబడినట్టు లెక్క, 1 కన్నా తగ్గితే అతి తీవ్రం. మీ చెల్లెలిది 1.1. అంటే ఉండాల్సిన దారిలో నాలుగో వంతు మాత్రమే మిగిలింది.

అయితే ఈ జబ్బులో దారి వెడల్పు ఎంత ముఖ్యమో, ఆ దారి తెరిచి ఉండే సమయమూ అంతే ముఖ్యం. గుండె బిగుసుకున్నప్పుడు ఈ తలుపు మూసుకుంటుంది, సడలినప్పుడే తెరుచుకుంటుంది. నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటుంటే ఒక్కో దెబ్బకు ఒక సెకను పడుతుంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు సడలే సమయమే. వేగం 120కి చేరితే దెబ్బకు అర సెకనే ఉంటుంది. గుండె బిగుసుకునే సమయం పెద్దగా తగ్గదు, కోతంతా సడలే సమయానికే పడుతుంది. ఇరుకు దారి, పైగా తెరిచి ఉండేది తక్కువసేపు. రక్తం పై గదిలో నిలిచిపోతుంది, ఆ ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల్లోకి తన్నుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఇరుకు దారిగుండా వెళ్లాల్సిన రక్తం రెట్టింపైతే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. కూర్చున్నప్పుడు హాయిగా ఉన్న మనిషికి రెండు అంతస్తులు ఎక్కేసరికి ఊపిరి ఆడకపోవడానికి కారణం ఇదే. జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువవడం, గర్భం, ఉన్నట్టుండి లయ తప్పడం, వీటిలో ఏది వచ్చినా ఈ రోగులు ఒక్కసారిగా ఎందుకు దిగజారతారో కూడా ఇందులోనే ఉంది.

ఇక ఆమె "బాగానే ఉంది" అనడం గురించి. ఈ మాట నేను కొన్ని వందల సార్లు విని ఉంటాను, విన్న ప్రతిసారీ కాస్త భయపడతాను. ఈ జబ్బు ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. దాంతోపాటే మనిషి తన జీవితాన్ని తనకు తెలియకుండానే కుదించుకుంటుంది. మెట్ల మధ్యలో ఫోన్ చూసుకుంటున్నట్టు ఆగుతుంది. బరువులు ఇంకెవరికో అప్పగిస్తుంది. నలుగురితో కలిసి నడవాల్సి వస్తే వెనకబడి "మీరు పదండి, వస్తా" అంటుంది. ఒకటికి రెండు దిండ్లు పెట్టుకోవడం అలవాటైపోతుంది. అడిగితే ఆయాసం లేదంటుంది, నిజంగానే ఉండదు, ఆయాసం వచ్చే పనులన్నీ మానేసింది కాబట్టి. అందుకే నేను "ఆయాసం ఉందా" అని అడగడం చాలా కాలం కిందటే మానేశాను. "మూడేళ్ల కిందట చేసిన పనుల్లో ఇప్పుడు చేయనివి ఏమిటి" అని అడుగుతాను, అదీ ఇంట్లోవాళ్ల ఎదుట. ఒక్కోసారి పేషెంటుతో పాటు నేనూ రెండు అంతస్తులు ఎక్కుతాను, మణికట్టు మీద వేలు పెట్టి. పై మెట్టుకు చేరేసరికి నాడి 130 దాటి, మాట రెండు ముక్కలుగా వస్తుంటే ఇక ఎవరికీ ఏమీ వివరించనక్కర్లేదు. అనుమానం ఉన్నచోట ట్రెడ్‌మిల్ మీద నడిపించి వెంటనే ఎకో తీస్తాం. శ్రమ చేసినప్పుడు సగటు గ్రేడియంట్ 15 దాటితే, కూర్చున్నప్పుడు ఎలా ఉన్నా, వాల్వ్ ఇబ్బంది పెడుతోందనే అర్థం.

ఆస్తమా అని ఎందుకు పొరబడ్డారని మీరు కోపంగా రాశారు. కోపం న్యాయమే. కానీ ఇది ఎక్కడైనా తరచుగా జరిగే పొరపాటు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే శ్వాసగొట్టాల గోడలు ఉబ్బి పిల్లికూతలు వినిపిస్తాయి, రాత్రి దగ్గు వస్తుంది. అచ్చం ఆస్తమాలాగే ఉంటుంది. తేడా పట్టుకోవడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. వెల్లకిలా పడుకోగానే ఆయాసం మొదలై, లేచి కూర్చున్న కాసేపటికి సర్దుకోవడం. కళ్లెలో నెత్తుటి చారలు, గులాబీ రంగు నురగ. గుండెదడతో పాటే ఆయాసం రావడం. కొందరికి ఉబ్బిన పై గది, దాని పైనున్న రక్తనాళం కలిసి స్వరపేటిక నరాన్ని నొక్కడంతో గొంతు బొంగురుపోతుంది. సాల్బుటమాల్ లాంటి ఇన్‌హేలర్లు గుండె వేగాన్ని పెంచుతాయి కాబట్టి ఈ జబ్బులో మేలు చేయకపోగా ఒక్కోసారి ఇబ్బంది పెంచుతాయి. మీ చెల్లెలు ఇన్‌హేలర్ పీల్చాక గుండె దడదడలాడుతోందని చెప్పేదని మీరు రాశారు. ఆ ఒక్క మాట ముందే ఎవరైనా పట్టించుకుని ఉండాల్సింది.

నా విషయం కూడా ఒకటి చెబుతాను. ట్రైనింగ్‌లో ఉన్న రోజుల్లో ఒక గర్భిణిని కూర్చోబెట్టి, రద్దీ వార్డులో హడావుడిగా గుండె విని, శబ్దాలు మామూలే అని కేసు షీటులో రాశాను. మా సీనియర్ వచ్చి ఆమెను ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోమన్నారు. రొమ్ము కింద, గుండె కొన తగిలేచోట స్టెతస్కోప్‌ను గంట వైపు తిప్పి, చర్మానికి తగిలీ తగలనట్టు ఆనించారు. వార్డులో అందర్నీ మాట్లాడొద్దన్నారు. తర్వాత నన్ను వినమన్నారు. మొదటి శబ్దం చెవిలో గట్టిగా తట్టింది. రెండో శబ్దం వెంటే చిటిక వేసినట్టు ఇంకో చిన్న శబ్దం. ఆ తర్వాత, చాలా దూరంగా రోడ్డు మీద బరువైన బండి వెళ్తున్నట్టు సన్నని గుర్‌గుర్. స్టెతస్కోప్‌ను కొంచెం గట్టిగా నొక్కితే అది మాయమైపోయింది, సడలిస్తే మళ్లీ వచ్చింది. ఆ చిటిక శబ్దం బిగుసుకున్న రెక్కలు ఒక్కసారిగా తెరుచుకోబోయి ఆగడం వల్ల వస్తుంది. రెండో శబ్దానికి అది ఎంత దగ్గరగా వస్తే వాల్వ్ అంత ఇరుకైనట్టు. ఆ రోజు నేను రాసిన రెండు పదాల వల్ల ఆమె, ఆమె కడుపులో బిడ్డ ఏమై ఉండేవాళ్లో అని ఇప్పటికీ తలుచుకుంటాను. అప్పటినుంచి ఆయాసంతో వచ్చిన ఏ యువతినైనా పక్కకు తిప్పకుండా వదల్లేదు.

ఇక ఎకో. ఈ పరీక్ష పుట్టిందే ఒక రకంగా ఈ జబ్బు కోసం. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్ అనే డాక్టరు, హెల్‌ముత్ హెర్ట్స్ అనే భౌతికశాస్త్రవేత్త, లోహాల్లో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని గుండె మీద పెట్టి చూశారు. మైట్రల్ వాల్వ్‌కు ఆపరేషన్లు అప్పుడప్పుడే ఊపందుకుంటున్నాయి. కోసేముందే వాల్వ్ సన్నబడిందా, లీకవుతోందా అని తెలుసుకోవడం ఎడ్లర్‌కు అవసరమైంది. మీ చెల్లెలి రిపోర్టులోని అంకెలన్నీ ఆ అవసరం నుంచి వచ్చినవే.

ఆ అంకెల్లో వైశాల్యాన్ని నేను ఎక్కువ నమ్ముతాను, అదీ వాల్వ్ నోటిని తెర మీద నేరుగా గీసి కొలిచినదైతే. చాలామంది డాప్లర్‌లో (రక్తం పారే వేగాన్ని చూపే ఎకోలో), ఒత్తిడి తేడా సగానికి దిగడానికి పట్టే సమయంతో 220ని భాగించి కూడా వైశాల్యం చెబుతారు. రెండూ దగ్గరదగ్గరగా వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. గ్రేడియంట్ సంగతి వేరు. అది వాల్వ్‌కు అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా, గుండె వేగంతో పాటే మారిపోతుంది. 12 అని రాసి పక్కన గుండె వేగం రాయకపోతే ఆ రిపోర్టు సగమే అయినట్టు. ఇది మీకు ముందుముందు పనికొస్తుంది. మందులతో వేగం 95 నుంచి 62కి దిగితే గ్రేడియంట్ 12 నుంచి 6కి పడిపోవచ్చు. ఇంట్లో అందరూ "సగానికి సగం తగ్గింది" అని సంబరపడతారు. వైశాల్యం చూస్తే అదే 1.1. వాల్వ్ ఇసుమంత కూడా తెరుచుకుని ఉండదు.

మాత్రలతో కరుగుతుందా అని అడిగారు. కరగదు. అతుక్కుపోయిన రెక్కల్ని విడదీసే మందు లేదు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర ఊపిరితిత్తుల్లో నీటిని లాగేస్తుంది. బీటా బ్లాకర్ గుండె వేగాన్ని తగ్గించి, తలుపు తెరిచి ఉండే సమయాన్ని పెంచుతుంది. అది పడనివాళ్లకు, లయ మామూలుగా ఉంటే, వేగం తగ్గించే ఐవాబ్రాడిన్ అనే ఇంకో మందు ఇస్తాం. ఇప్పుడు ఆమెకు హాయిగా ఉందంటే ఈ మందుల పుణ్యమే. వాటిని మానకూడదు. ముఖ్యంగా బీటా బ్లాకర్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. కానీ వాటితో ఏళ్లు గడిపేస్తే ఈలోగా పై గది ఉబ్బుతూ పోతుంది, ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడతాయి, కుడివైపు గుండె అలసిపోతుంది. ఊపిరితిత్తుల ప్రెషర్ ఇప్పటికే 52 ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే వాల్వ్ బాగు చేశాక కూడా అది పూర్తిగా దిగిరాకపోవచ్చు.

బెలూన్ అంటే ఏం చేస్తారో చెబుతాను, భయం పోతుంది. దీన్ని బీఎంవీ అనీ, పీటీఎంసీ అనీ అంటారు. జపాన్‌కు చెందిన కంజి ఇనోవే అనే సర్జన్ 1982లో మొదటిసారి చేశారు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడే బెలూన్ ఆయన పేరు మీదే ఉంది. ఛాతీ కోయరు. మత్తు గజ్జల దగ్గర మాత్రమే ఇస్తారు, పేషెంటు మెలకువగానే ఉంటుంది. గజ్జల్లోని సిర గుండా సన్నని గొట్టం గుండె కుడి పై గదికి వెళ్తుంది. అక్కడినుంచి మధ్య గోడకు సూదితో చిన్న రంధ్రం చేసి ఎడమ పై గదిలోకి, అక్కడినుంచి వాల్వ్ గుండా కిందికి దింపుతారు. నైపుణ్యమంతా ఆ గోడ దాటడంలో ఉంటుంది. బెలూన్ సైజుకు మొదటి అంచనా ఎత్తునుబట్టి వేస్తాం: సెంటీమీటర్లలో ఎత్తును పదితో భాగించి, దానికి పది కలిపితే మిల్లీమీటర్లలో బెలూన్ వ్యాసం. 160 సెంటీమీటర్ల మనిషికి 26. మొదట అంతకన్నా తక్కువతో మొదలుపెట్టి, ఎకోలో చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచుతాం.

అసలు ఘట్టం కొన్ని సెకన్లే. ముందు బెలూన్ కింది సగం ఉబ్బుతుంది. దాన్ని వెనక్కి లాగి వాల్వ్‌కు ఆనించగానే పై సగం కూడా ఉబ్బుతుంది. అప్పుడు ఎక్స్‌రే తెర మీద అది డమరుకంలా కనిపిస్తుంది. నడుము దగ్గర నొక్కుకుపోయిన ఆ చోటే అతుక్కున్న వాల్వ్. ఇంకాస్త నింపగానే ఆ నడుము ఒక్కసారిగా మాయమై బెలూన్ నిండుగా గుండ్రబడుతుంది. వెంటనే గాలి తీసినంత వేగంగా దాన్ని ఖాళీ చేస్తాం, లోపల ఉన్నది గాలి కాదు, రంగు మందు కలిపిన ద్రవం. పక్కనున్న మానిటర్‌లో పై గది ఒత్తిడి గీత అప్పటిదాకా 25 దగ్గర ఉంటే, కళ్ల ముందే సగానికి జారుతుంది. బల్ల మీద పడుకున్న మనిషి లోతుగా ఊపిరి పీల్చి, ఏదో బరువు దిగినట్టుందని చెప్పడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఈ వృత్తిలో నాకు ఇంతకన్నా ఇష్టమైన క్షణం లేదు. వాల్వ్ వైశాల్యం సాధారణంగా రెట్టింపవుతుంది, 1.1 ఉన్నది 2 దగ్గరికి వస్తుంది. అంతా సవ్యంగా జరిగితే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు.

ప్రమాదాలు లేవని చెప్పను. వందలో కొద్దిమందికి రెక్క చిరిగి లీకేజీ పెద్దదవుతుంది, అప్పుడు వెంటనే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. గోడ గుచ్చేటప్పుడు గుండె చుట్టూ రక్తం చేరొచ్చు. పై గదిలో గడ్డ ఉంటే అది కదిలి మెదడుకు పోయి పక్షవాతం రావచ్చు. అందుకే సర్జరీ టీమ్ అందుబాటులో ఉన్నచోట, ఈ పని తరచుగా చేసే చేతులతోనే చేయించండి. "ఏడాదికి ఎన్ని చేస్తారు" అని అడగడానికి మొహమాటపడొద్దు. బాగా చేసేవాళ్లెవరూ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

అందరి వాల్వ్‌కూ బెలూన్ పనికిరాదు. ఇక్కడే విల్కిన్స్ స్కోరు వస్తుంది. రెక్కల కదలిక, మందం, సున్నం పేరుకోవడం, కింద దారాల్లాంటి తీగలు గట్టిపడటం, ఈ నాలుగింటికీ ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. మొత్తం 8 లేదా అంతకన్నా తక్కువైతే బెలూన్‌కు మంచి వాల్వ్. మీ చెల్లెలిది 7. అయినా ఆ ఒక్క అంకె చూసి నేను నిర్ణయం తీసుకోను. బెలూన్ పనిచేసేది రెండు రెక్కలు కలిసే మూలల్ని విడదీయడం ద్వారా. ఆ మూలల్లోనే సున్నం గట్టిగా పేరుకుని ఉంటే, స్కోరు 7 అయినా బెలూన్ మూలను వదిలేసి మెత్తగా ఉన్న రెక్కను చీలుస్తుంది. మూలలు శుభ్రంగా ఉంటే 9 స్కోరుతో కూడా చక్కగా తెరుచుకున్న వాల్వ్‌లు చూశాను. రెండో డాక్టరు వాల్వ్ మార్చాలన్నది బహుశా ఇలాంటిదేదో చూసే కావచ్చు. కాబట్టి ఆయన్ను "మూలల్లో సున్నం ఉందా, అందుకే చెప్పారా" అని సూటిగా అడగండి. వృద్ధుల్లో వాల్వ్ చట్రానికే సున్నం పట్టి ఇరుకవుతుంది. అక్కడ మూలలు అతుక్కుని ఉండవు కాబట్టి బెలూన్ దండగ. మీ చెల్లెలిది ఆ కోవ కాదు.

గొట్టాన్ని అన్నవాహికలోకి దింపి తీసే టీఈఈ అనే ఎకో కూడా తప్పనిసరి. ఛాతీ మీద నుంచి తీసే ఎకోలో పై గది పక్కనున్న చిన్న సంచి సరిగ్గా కనిపించదు. గడ్డ దాక్కునేది అక్కడే. గడ్డ ఉంటే బెలూన్ వాయిదా వేసి, కొన్ని వారాలో నెలలో రక్తం పలుచన చేసే మందు వాడి, మళ్లీ చూసి చేస్తారు.

వాల్వ్ మార్పిడి మీద నాకు వ్యతిరేకత ఏమీ లేదు, అవసరమైనవాళ్లకు అది ప్రాణం పోస్తుంది. కానీ 28 ఏళ్లకు, పిల్లలు కావాలనుకుంటున్నప్పుడు, బెలూన్‌కు లొంగే వాల్వ్‌ను కోసి పారేయడం నాకు మనసొప్పదు. లోహపు వాల్వ్ పెడితే జీవితాంతం రక్తం పలుచన చేసే వార్ఫరిన్ వాడాలి, రక్తం ఎంత పలుచబడిందో చెప్పే ఐఎన్ఆర్ అనే అంకె 2.5 నుంచి 3.5 మధ్య ఉండేలా పదేపదే రక్తపరీక్షలు చేయించుకోవాలి. గర్భం వచ్చిన తొలి వారాల్లో ఆ మందు బిడ్డకు హాని చేయగలదు. ఆపితే వాల్వ్ మీద గడ్డకట్టి తల్లికి ప్రమాదం. ఆ రెంటి మధ్య నలిగిన కుటుంబాలను దగ్గరగా చూశాను. జంతు కణజాలంతో చేసిన వాల్వ్‌కు ఈ బెడద తక్కువ, కానీ చిన్న వయసులో అది త్వరగా పాడవుతుంది, మళ్లీ గుండె తెరవాలి. కొంచెం ఇరుకుగా మిగిలినా సొంత వాల్వే నయం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1923లో బోస్టన్‌లో ఎలియట్ కట్లర్ అనే సర్జన్ 12 ఏళ్ల పాప వాల్వ్‌ను కత్తితో తెరిచారు, ఆ పాప నాలుగేళ్లకు పైగా బతికింది. తర్వాతి రోగులు వరసగా చనిపోవడంతో ఆయన ఆపేశారు. 1925లో లండన్‌లో హెన్రీ సౌటర్ ఒక యువతి వాల్వ్‌ను లోపలికి వేలు పెట్టి విడదీశారు. ఆమె కోలుకున్నా ఆయన దగ్గరికి ఇంకో రోగిని ఎవరూ పంపలేదు. 1948 జూన్‌లో చార్లెస్ బెయిలీ, కొద్ది రోజుల తేడాలో డ్వైట్ హార్కెన్ చేసిన ఆపరేషన్లతో గానీ ఈ చికిత్స నిలదొక్కుకోలేదు. ఇప్పుడు బెలూన్ చేస్తున్నది ఆ రోజు సౌటర్ వేలు చేసిన పనే, ఛాతీ తెరవకుండా.

గర్భం సంగతి. ఇది చాలా స్పష్టంగా చెప్పాలి. గర్భంలో రక్త పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, గుండె వేగం నిమిషానికి 10 నుంచి 20 పెరుగుతుంది. ఎక్కువ రక్తం, తక్కువ సమయం, ఇరుకు తలుపు: ఈ జబ్బుకు ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు. తీవ్రంగా సన్నబడిన మైట్రల్ వాల్వ్‌ను, గర్భిణుల గుండె జబ్బులకు వాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నాలుగో తరగతిలో పెట్టారు. ప్రసవం అయిపోగానే గండం గడిచిందనుకుంటారు, అప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. గర్భసంచి ముడుచుకోగానే అందులోని రక్తమంతా ఒక్కసారిగా గుండెకు చేరుతుంది, ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంటుంది. కాబట్టి బెలూన్ అయ్యేదాకా గర్భం రాకుండా చూసుకోండి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు గడ్డకట్టే గుణం పెంచుతాయి కనుక అవి వద్దు, వేరే పద్ధతుల గురించి గైనకాలజిస్టుతో మాట్లాడండి. బెలూన్ అయ్యాక మళ్లీ ఎకో చూసి, వాల్వ్ చక్కగా తెరుచుకుని ఊపిరితిత్తుల ప్రెషర్ దిగితే, గుండె డాక్టరూ గైనకాలజిస్టూ కలిసి చూసుకుంటూ ఆమె నిక్షేపంగా తల్లి కావచ్చు. ఒకవేళ ఇప్పటికే గర్భం వచ్చి ఉంటే వెంటనే చెప్పండి. మందులతో ఆయాసం అదుపులోకి రాకపోతే నాలుగో నెల దాటాక, పొట్టకు సీసపు కవచం కట్టి బెలూన్ చేస్తారు. నేనూ చేశాను. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు.

గుండె లయ ఇప్పుడు బాగుంది, ఎప్పటికీ అలాగే ఉంటుందని లేదు. పై గది ఉబ్బే కొద్దీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావచ్చు. నాడి అడ్డదిడ్డంగా, వేగంగా కొట్టుకుంటుంది. అది వస్తే గడ్డకట్టకుండా వార్ఫరిన్ జాతి మందే వాడాలి, ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య. రక్తపరీక్షలు అక్కర్లేని కొత్త మందులు ఉన్నాయి కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. రుమాటిక్ జ్వరం వల్ల వాల్వ్ జబ్బు వచ్చి లయ తప్పిన నాలుగున్నర వేల మందిలో జరిగిన ఇన్విక్టస్ అనే పరిశోధన 2022లో వచ్చింది. రివరాక్సబాన్ అనే కొత్త మందు వాడినవాళ్లకన్నా పాత మందు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువ.

పెన్సిలిన్ గురించి మీరు అసలు ప్రస్తావించలేదు, అదే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది. ఈ వయసులో ఈ వాల్వ్ ఇలా కావడానికి దాదాపు ఎప్పుడూ కారణం చిన్నప్పటి రుమాటిక్ జ్వరమే. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వస్తుంది. కొందరు పిల్లల్లో దాన్ని ఎదిరించడానికి పుట్టిన రక్షణ శక్తే పొరబడి వాల్వ్ మీద దాడి చేస్తుంది. కీళ్లనొప్పులు, జ్వరం వచ్చిన సంగతి చాలామందికి గుర్తే ఉండదు, మీ ఇంట్లో కూడా ఎవరికీ గుర్తులేకపోవచ్చు. ఆ దాడి మళ్లీ జరగకుండా 12 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ మూడు నాలుగు వారాలకొకసారి వేస్తారు. వాల్వ్ దెబ్బతిన్నవాళ్లకు చివరి జ్వరం తర్వాత పదేళ్లు లేదా 40 ఏళ్లు వచ్చేదాకా, రెంటిలో ఏది ఎక్కువైతే అంతవరకు. బెలూన్ అయిపోయింది కదా అని మానకూడదు. ఒక జాగ్రత్త ఉంది: వాల్వ్ తీవ్రంగా సన్నబడి ఆయాసం ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ నొప్పికి బీపీ పడిపోతే తట్టుకోలేరు. అలాంటివాళ్లకు కొన్నాళ్లు మాత్రల రూపంలో ఇస్తాం. ఆమెకు ఇప్పుడు ఏది సరిపోతుందో డాక్టర్నే నిర్ణయించమనండి, కానీ రెండూ లేకుండా మాత్రం ఉండొద్దు.

బెలూన్‌తో తెరిచిన వాల్వ్ ఏళ్లు గడిచాక మళ్లీ నెమ్మదిగా సన్నబడొచ్చు. మెత్తని వాల్వ్ ఉన్న యువతీయువకుల్లో చాలామందికి పది, పదిహేనేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం సాఫీగా సాగుతుంది. అవసరమైతే బెలూన్ రెండోసారి కూడా చేయొచ్చు. ఏడాదికొకసారి ఎకో తీయించుకోవాలి, ఆయాసం లేకపోయినా సరే.

ఈలోగా ఉన్నట్టుండి గుండెదడ, పడుకోలేనంత ఆయాసం, గులాబీ రంగు నురగ, మూతి వంకరపోవడం, చేయి పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. జ్వరం వస్తే మొదటి రోజే తగ్గించే మందు వేయండి, మిగతావాళ్లలా ఆమె మూడు రోజులు ఓపిక పట్టకూడదు.

టీఈఈ ఈ వారంలోనే చేయించండి. రిపోర్టు వచ్చాక మూడు విషయాలు ఇక్కడ రాయండి: పై గది సంచిలో గడ్డ ఉందా, మూలల్లో సున్నం ఒకవైపా, రెండువైపులా, అసలు లేదా, లీకేజీ ఏ గ్రేడు. ఎకో తీసినప్పుడు గుండె వేగం ఎంతో కూడా రాయండి. చూసి చెబుతాను.